నీళ్ళ తిత్తితో సరిపెట్టకూడదు: అమ్మానాన్నలు విడిపోతే బిడ్డ పోషణ లెక్క

(కుందారపల్లిలో జరిగిన యువజన, కుటుంబ కూడికలో మా బృందం చేసిన ప్రసంగ పాఠం)



ఈ అంశం మీద మాట్లాడటానికి మేము వస్తున్నామని తెలిసి ఒక పెద్దాయన మెల్లగా అడిగారు: "విడాకుల సంగతి సంఘంలో ఎత్తడం ఎందుకయ్యా? మనమే దారి చూపించినట్టు అవుతుంది కదా?" ఆయన భయం మాకు అర్థమైంది. అందుకే ముందే చెప్పేస్తున్నాం. విడాకులు ఎలా తీసుకోవాలో చెప్పడానికి మేము రాలేదు. విడిపోవడం తప్పా ఒప్పా అన్న చర్చ కూడా ఈ పూట పెట్టుకోవడం లేదు. అమ్మానాన్నలు వేరైన ఇంట్లో బిడ్డ తిండికీ, బడికీ, మందులకీ నెలకు ఎంత రావాలి? ఆ ఎంత అన్నది ఎవరు, ఏం చూసి తేలుస్తారు? ఇదొక్కటే మన అంశం. తెలుగు కోర్టుల్లో దీన్ని మనోవర్తి అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు మనం తమిళంతో కలిసి జీవనాంశం అంటాం. ఏ పేరు పెట్టినా బిడ్డ ఆకలి ఒకటే.

ఆదికాండం 21వ అధ్యాయం మీకు తెలిసిందే. అబ్రాహాము లేనివాడు కాడు. పశువులు, వెండి, బంగారం దండిగా ఉన్నవాడని 13వ అధ్యాయంలో చదువుతాం. అలాంటి ఇంటి నుంచి హాగరు, ఇష్మాయేలు బయటికి వెళ్ళేటప్పుడు ఆమె భుజం మీద పెట్టింది ఏమిటి? కాస్త రొట్టె, ఒక తిత్తి నీళ్ళు. బెయేర్షెబా అరణ్యంలో ఆ నీళ్ళు అయిపోయాయి. బిడ్డను ఒక పొద కింద వదిలి, వాడి చావు కళ్ళతో చూడలేక తల్లి దూరంగా వెళ్ళి కూర్చుంది. ఈ భాగం మీద మనం విన్న ప్రసంగాలు చాలావరకు దేవుడు చూపించిన నీటి ఊట దగ్గర ముగుస్తాయి. ఊట గురించి చెప్పాల్సిందే. కానీ తిత్తి గురించి ఎవరూ అడగరు. ఆ తండ్రికి ఎంత ఉంది? బిడ్డకు ఎంత అవసరం? ఇచ్చింది ఎంత? ఈనాడు కోర్టులో న్యాయమూర్తి అడిగేవీ దాదాపు ఈ మూడు ప్రశ్నలే. ఇంకొకటి గమనించండి. అక్కడ ఏడ్చింది తల్లి అని ఉంది, దేవుడు విన్నది మాత్రం పిల్లవాడి మొర అని ఉంది. తల్లి గొడవ తల్లిది, బిడ్డ మొర బిడ్డది. చట్టం కూడా ఈ రెంటినీ విడదీసే చూస్తుంది. మనమే కలిపేస్తాం.

కొన్ని సంఘ పంచాయితీల్లో మేమూ కూర్చున్నాం. మొగుడూ పెళ్ళాలకు పొసగలేదు, ఆమె పుట్టింటికి వచ్చేసింది, ఆరేళ్ళ పాప ఉంది. ఎవరు ఎవర్ని ఏమన్నారు, పెళ్ళిలో ఏం పెట్టారు, అత్తగారు ఏమంది అన్న దాని మీదే గంటన్నర నడుస్తుంది. చివర్లో టీ వచ్చాక ఒక పెద్దమనిషి "సరే తమ్ముడూ, పాపకు నెలకు 1,500 ఇస్తూ ఉండు" అంటాడు. అందరూ తల ఊపుతారు, ప్రార్థన చేసి లేస్తారు. పాప బడి ఫీజు రసీదు ఎవరూ అడగలేదు. నాన్న జీతం చీటీ ఎవరూ చూడలేదు. మన కుందారపల్లి సంతలో మేకను కొనేవాడు పళ్ళు చూస్తాడు, వీపు నిమురుతాడు, ఎత్తి బరువు చూస్తాడు, పక్కవాణ్ణి ఒక మాట అడుగుతాడు, అప్పుడు గానీ ధర చెప్పడు. బిడ్డ విషయానికి వచ్చేసరికి ఏమీ చూడకుండానే ధర కట్టేస్తాం.

పెద్దలు చెడ్డవాళ్ళని కాదు. ఎలాగైనా ఆ ఇద్దరూ కలవాలని వాళ్ళ ఆశ. "ఎక్కువ అడిగితే వాడు బిగుసుకుంటాడు, కాస్త తగ్గండి" అంటారు. కలుస్తారేమో అని ఎదురుచూస్తూ రెండేళ్ళు, మూడేళ్ళు పోతాయి. ఆ మూడేళ్ళూ పాప తినకుండా ఆగదు కదా.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. బిడ్డ పోషణ అడగడానికి విడాకులు అవసరమే లేదు. కాపురం విరిగి వేరుగా ఉన్నా చాలు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నా, తండ్రి స్తోమతు ఉండి పోషించకపోతే చాలు. కాబట్టి "విడాకులు పాపం, అందుకే కోర్టుకు వెళ్ళొద్దు" అన్న మాట ఈ విషయంలో అతకదు.

చట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో రెండు మాటల్లో చెప్తాం. క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. రాసిన దొరలు అందులో మైనరు బిడ్డ అంటే ఎవరో చెప్పేటప్పుడు, ఈ దేశస్థుడైన తండ్రికి పుట్టిన కొడుకైతే 16 ఏళ్ళు, కూతురైతే 13 ఏళ్ళు నిండే వరకేనని, మిగతావాళ్ళ పిల్లలకైతే పెళ్ళి కానంతవరకు 18 ఏళ్ళని రాశారు. మన ఆడపిల్ల 13 ఏళ్ళకే పెద్దదైపోయిందన్నమాట! కేసు నడుస్తున్నంత కాలం భార్యకు ఇచ్చే భరణం కూడా భర్త సగటు నికర ఆదాయంలో అయిదో వంతుకు మించకూడదని ఉండేది. భార్య విడాకులు అడగాలంటే భర్త వ్యభిచారం ఒక్కటీ చాలదు, దానికి తోడు క్రూరత్వమో విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాలి. భర్తకు ఆ బాధ లేదు. 1995లో కేరళ హైకోర్టు ఈ తేడాను తప్పుపట్టింది. పార్లమెంటు చట్టాన్ని సవరించింది 2001లో. అయిదో వంతు హద్దు అప్పుడే పోయింది. నడుస్తున్న కేసులో బిడ్డల పోషణ, చదువు ఖర్చుల దరఖాస్తును, నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు తేల్చాలన్న మాట కూడా అప్పుడే చేరింది.

ఇది ఒక తలుపు. విడాకుల కేసో, వేరుగా ఉండే అనుమతి కేసో కోర్టులో ఉన్నప్పుడు తెరుచుకునే తలుపు.

రెండోది అందరికీ తెరిచి ఉన్న తలుపు. మీరు 125 సెక్షన్ అని వినే ఉంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోది. 2024 జూలై 1 నుంచి దాని చోట భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, అందులో ఇది 144వ సెక్షన్. హిందువా, ముస్లిమా, క్రైస్తవుడా అని ఇది అడగదు. బిడ్డ పెళ్ళిలో పుట్టాడా, పెళ్ళి లేకుండా పుట్టాడా అని కూడా చూడదు. స్తోమతు ఉండీ బిడ్డను పోషించని మనిషిని నెలనెలా ఇంత ఇమ్మని మేజిస్ట్రేటు ఆదేశిస్తాడు. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట ఆ కోర్టే వింటుంది. ఈ సెక్షన్ కింద కూడా 2001 వరకు కేంద్ర చట్టంలో నెలకు 500 రూపాయల హద్దు ఉండేది. ఇప్పుడు హద్దు లేదు. మధ్యంతర మనోవర్తిని నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని ఇక్కడా ఉంది.

భర్త బెంగళూరులో ఉంటే బెంగళూరుకే వెళ్ళి కేసు వేయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. భార్య ఇప్పుడు ఎక్కడ ఉంటోందో అక్కడే వేయవచ్చు. కుందారపల్లిలో ఉంటే ఈ జిల్లాలోనే. పుట్టిల్లు కుప్పం అయి అక్కడికి వెళ్ళిపోయి ఉంటే ఆంధ్రలోనే. ఇక్కడి కోర్టులో కాగితాలు తమిళంలో నడుస్తాయి. మన తల్లులకు తమిళం మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. వకీలు రాసిన దరఖాస్తును తెలుగులో చదివి వినిపించమనండి, విన్నాకే సంతకం పెట్టండి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి, ఎంత అన్నది ఎలా తేలుతుంది? అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొందరు అక్కడి పట్టిక గురించి చెప్తుంటారు. టెక్సాస్‌లో ఒక బిడ్డకైతే తండ్రి నికర ఆదాయంలో 20 శాతం, ఇద్దరికైతే 25 శాతం అని మార్గదర్శకం. బ్రిటన్‌లో మామూలు ఆదాయాలకు ఒక బిడ్డకు 12 శాతం, ఇద్దరికి 16 శాతం. మన దేశంలో అలాంటి పట్టిక లేదు. ప్రతి ఇంటి లెక్క ఆ ఇంటిదే. పట్టిక లేకపోవడం వల్ల లాభం ఉంది, నష్టం ఉంది. కాగితాలు చూపించగలిగిన తల్లికి లాభం. నోరు లేని తల్లికి నష్టం.

ఆ నష్టాన్ని తగ్గించడానికే సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజనీశ్ వర్సెస్ నేహా కేసులో ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. జస్టిస్ ఇందూ మల్హోత్రా, మన తెలంగాణ వాడైన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఇచ్చిన తీర్పు అది. నాగపూర్ ఫ్యామిలీ కోర్టు 2015లో ఆ తల్లికి నెలకు 15,000, బాబుకు మొదటి రెండేళ్ళు నెలకు 5,000, 2015 సెప్టెంబరు నుంచి 10,000 మధ్యంతరంగా ఇమ్మంది. బిడ్డ ఎదిగేకొద్దీ ఖర్చు పెరుగుతుందని ఆ అంకెల్లోనే ఉంది చూడండి. తండ్రి దాని మీద పైకోర్టులకు వెళ్ళాడు. 2013లో మొదలైన గొడవ 2020 దాకా సాగింది. తాత్కాలికంగా పూట గడవడానికి అడిగిన డబ్బు ఏడేళ్ళు నానింది. అందుకే సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే పద్ధతి ఒకటి పెట్టింది.

ఆ పద్ధతిలో మొదటి మెట్టు, ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయం, అప్పులు, నెల ఖర్చులు ప్రమాణ పత్రంలో రాసి ఇవ్వాలి. అవతలివాళ్ళకు నాలుగు వారాల గడువు. రెండు వాయిదాలకు మించి సాగదీయనివ్వకూడదు. అబద్ధం రాస్తే అదే వేరే నేరమవుతుంది. జీతగాళ్ళకు, వ్యాపారులకు ఒక నమూనా, వ్యవసాయం మీద బతికేవాళ్ళకు వేరే నమూనా ఉన్నాయి. మన ప్రాంతానికి ఆ రెండోది చాలా ముఖ్యం. ఎంత భూమి ఉంది, తడి భూమా మెట్టా, ఏ పంట, గత మూడేళ్ళలో ఎంత వచ్చింది, పశువులు ఎన్ని, ఇవన్నీ అందులో రాయాలి. "నాకు జీతం లేదు, చీటీ లేదు, ఆదాయమే లేదు" అని చెప్పే మామిడి తోట ఆసామికి అది సరైన ప్రశ్న వేస్తుంది.

మధ్యంతర దరఖాస్తును నాలుగు నుంచి ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని, డబ్బు తీర్పు రోజు నుంచి కాక దరఖాస్తు వేసిన రోజు నుంచి లెక్క కట్టాలని కూడా ఆ తీర్పు చెప్పింది. ఈ చివరిది మనసులో పెట్టుకోండి. దరఖాస్తు వేయడానికి ముందు గడిచిన నెలలు ఆ లెక్కలోకి రావు. కలుస్తారేమో చూద్దాం అంటూ మనం గడిపించే ప్రతి నెలా బిడ్డ ఖాతాలోంచి పోతున్నట్టే.

బిడ్డ ఖర్చు అంటే ఏమేమిటి? తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువు. వీటికి తోడు అవసరమైన ట్యూషను, వృత్తి శిక్షణ. చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి. తల్లి కూడా బాగా సంపాదిస్తుంటే ఇద్దరి ఆదాయాల దామాషాలో పంచుతారు.

ఒక ఊహా లెక్క వేద్దాం. తండ్రి హోసూరు సిప్‌కాట్‌లో పని చేస్తున్నాడు. పీఎఫ్ పోగా చేతికి 30,000 వస్తుంది. తల్లి పూల తోటలో పనికి వెళ్ళి 9,000 తెస్తోంది. ఎనిమిదేళ్ళ బాబు తల్లి దగ్గర ఉన్నాడు. బడి ఫీజు ఏడాదికి 24,000, అంటే నెలకు 2,000. వ్యాను 800. తిండి, పాలు 3,000. బట్టలు, పుస్తకాలు 700. మందులు 500. ఇంటి అద్దె 4,000, అందులో బాబు సగం 2,000. అద్దె రాయడం అందరూ మర్చిపోతారు, బిడ్డ గాలిలో పడుకోడు కదా! మొత్తం 9,000. ఇద్దరి సంపాదన 39,000లో తండ్రిది దగ్గర దగ్గర 77 శాతం. ఆ దామాషాలో ఆయన వాటా సుమారు 6,900.

ఇంకో రకంగా కూడా చూడవచ్చు. 2004లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో ఇంటి ఆదాయమంతా ఒకచోట పోసి, సంపాదించే భర్తకు రెండు పాళ్ళు, మిగతావాళ్ళకు తలా ఒక పాలు అంది. పనికి వెళ్ళిరావడానికి ఆయనకు ఖర్చుంటుంది కాబట్టి రెండు. అలా అయితే 39,000ను నాలుగు పాళ్ళు చేయాలి, బాబు పాలు 9,750. న్యాయమూర్తి ఈ రెంటిలో ఏదో ఒకటి పట్టుకోవాలని లేదు. ఆ తండ్రి మీద ఆధారపడిన ముసలి తల్లి ఉందా, జబ్బు ఉందా, ఇద్దరూ కలిసి ఉన్నప్పుడు బిడ్డ ఎలా పెరిగాడు, ఇవన్నీ చూస్తాడు. అయినా ఏ దారిన వెళ్ళినా 1,500 దగ్గర మాత్రం ఆగడం లేదు కదా.

"జీతంలో 25 శాతం ఇస్తే చాలంట" అని ఒక మాట తిరుగుతోంది. ఆ మాట 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులోది. అందులో చెప్పింది విడాకులైన భార్య భరణం గురించి, బిడ్డ పోషణ గురించి కాదు. అది కూడా కొలతగా చెప్పిందే తప్ప అందరికీ వర్తించే సూత్రం కాదు. ఆ కేసులోనే భర్తకు రెండో కుటుంబం ఏర్పడిందని 23,000ను 20,000కు తగ్గించారు. రెండో పెళ్ళి చేసుకుంటే మొదటి ఇంటి పాలు తగ్గడం మాకు మింగుడు పడదు. కానీ తీర్పు అలా ఉంది, ఉన్నది చెప్పాలి.

ఇక తప్పించుకునే మాటలు. ఒక తమ్ముడు "ఉద్యోగం పోయింది" అంటాడు. నిజంగా పోతే కోర్టుకు చెప్పుకోవచ్చు, పరిస్థితి మారితే ఆర్డరును తగ్గించమనీ, పెంచమనీ అడిగే వీలుంది. గ్రానైటు క్వారీలో చెయ్యి నలిగిన మనిషిని ఎవరూ పీడించమనడం లేదు. కానీ ఒంట్లో సత్తువ ఉండి ఖాళీగా ఉన్నానంటే చెల్లదు. 2022లో అంజూ గర్గ్ కేసులో భర్త తన వ్యాపారం మూతపడిందన్నాడు. ఒళ్ళు బాగున్నవాడు కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాలని సుప్రీంకోర్టు చెప్పి, కొడుక్కు వస్తున్న 6,000 కాక భార్యకు 10,000 ఇమ్మంది. ఇంకొకరు బండి కిస్తీ, చీటీ పాట, బంగారం లోను అన్నీ తీసేసి మిగిలింది చూడమంటారు. ఆదాయపు పన్ను, పీఎఫ్ లాంటి తప్పనిసరి కోతలు వేరు, మన ఇష్టంతో పెట్టుకున్న కిస్తీలు వేరు. కట్టాల్సిన అప్పులు కోర్టు చూడకపోదు, కానీ బండి కిస్తీ తర్వాతే బిడ్డ అన్న వరుసను ఒప్పుకోదు.

మన సంఘాల్లో వినిపించే సాకు ఇంకొకటి ఉంది. "నేను దశమభాగం ఇస్తాను, మందిరం కట్టడానికి మొక్కుకున్నాను, అవి పోగా ఇంతే మిగిలింది." మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు ప్రభువు ఈ సాకునే పట్టుకున్నారు. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం అని చెప్పి ఎగ్గొట్టేవాళ్ళను ఆయన మెచ్చుకోలేదు, గద్దించారు. తల్లిదండ్రుల పాలు ఎగ్గొట్టడం తప్పయితే, నోరు లేని బిడ్డ పాలు ఎగ్గొట్టి ఇచ్చిన కానుక ఒప్పవుతుందా? అయ్యగార్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్ళ ముందే అంటున్నాం. బిడ్డకు బాకీ ఉన్న మనిషి పేరు కానుకల పట్టీలో పైన చదువుతుంటే, వెనక బెంచీలో కూర్చున్న ఆ బిడ్డ వింటూ ఉంటాడు. సొంత ఇంటివాళ్ళను చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పౌలు అన్నమాట ఎవరి కోసం?

"తప్పు ఆమెది, ఆమే వెళ్ళిపోయింది, నేనెందుకు ఇవ్వాలి?" ఇది చాలా పాతది. భార్య అకారణంగా వెళ్ళిపోయిందని, వేరొకరితో ఉందని రుజువైతే 144 కింద ఆమె మనోవర్తి పోవచ్చు. బిడ్డది పోదు. "బాబును చూపించడం లేదు, అందుకే డబ్బు ఆపాను" అనీ అంటారు. చూపించకపోవడం తప్పే. దానికి వేరే దరఖాస్తు వేసి చూసే హక్కు అడగాలి. అలాగే డబ్బు ఇవ్వలేదని తండ్రిని గేటు దగ్గరే ఆపే తల్లికి కూడా చెప్తున్నాం, ఆ రెండూ ఒకదానికొకటి జామీను కావు. ఆదాయం దాచే తల్లులూ ఉన్నారు. ప్రమాణ పత్రంలో 9,000 వస్తుంటే 9,000 అనే రాయండి.

పరస్పర అంగీకారంతో విడిపోయేటప్పుడు ఇంకొక ప్రమాదం ఉంది. త్వరగా తేలిపోతే చాలని తల్లి "నాకూ వద్దు, బిడ్డకూ ఏమీ వద్దు" అని సంతకం పెడుతుంది. తనది తాను వదులుకోవచ్చునేమో గానీ, బిడ్డ హక్కును తల్లి రాసిచ్చేయలేదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. ఆ కాగితం ఉన్నా బిడ్డ తరఫున మళ్ళీ అడగవచ్చు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం ఎత్తి, విశ్వాసులు కోర్టుకు ఎక్కకూడదని మాకు చెప్పినవాళ్ళు ఉన్నారు. ఆ భాగంలో పౌలు ఒక ప్రశ్న అడుగుతాడు, మీలో తీర్పు తీర్చగల వివేకి ఒక్కడూ లేడా అని. సంఘంలో అలాంటి వివేకి ఉంటే, ఫీజు రసీదు, జీతం చీటీ రెండూ చూసి న్యాయమైన అంకె చెప్పి, ప్రతి నెలా ఇప్పించగలిగితే, మేము కూడా కోర్టు దారి చెప్పం. అది చేయలేనప్పుడు ఆ వాక్యాన్ని ఆకలితో ఉన్న బిడ్డకు అడ్డం పెట్టకూడదు. అదే పౌలు తన న్యాయం కోసం కైసరుకు చెప్పుకున్నాడు కదా.

సంఘం ఇచ్చే కాగితం గురించి కూడా ఒక మాట. సంఘం పెళ్ళి చెల్లదని రాసిచ్చినా, చర్చి ట్రిబ్యునల్ రద్దు చేసినా చట్టం దృష్టిలో అది విడాకులు కాదు. 1996లో మోలీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి "పాస్టరు గారు విడదీశారు, ఇక నాకు బాధ్యత లేదు" అన్నది రెండు రకాలుగా తప్పు.

మన పల్లెల్లో బయటికి చెప్పని భయం వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. చర్చిలో పెళ్ళి, కాగితాల్లో హిందూ. "కోర్టుకు వెళ్ళావంటే చర్చి రిజిస్టరు బయటపెడతాను, పిల్లల సర్టిఫికెట్ పోతుంది" అని భార్యను బెదిరించే మగవాళ్ళు ఉన్నారు. తన బిడ్డ సర్టిఫికెట్‌నే పట్టుకుని బెదిరించే తండ్రి! ఆ ఉత్తర్వు మీద మన పోరాటం వేరే ఉంది, అది ఆగదు. ఈలోగా తెలుసుకోవాల్సింది ఏమిటంటే, 144వ సెక్షన్ మతాన్ని బట్టి నడిచేది కాదు. బిడ్డ ఈయన బిడ్డ, ఈయనకు స్తోమతు ఉంది, పోషించడం లేదు, ఈ మూడే దానికి కావాలి. ఏ పద్ధతిలో పెళ్ళయిందన్న దాని మీద బిడ్డ కూడు ఆధారపడదు. మీ ఇంటి పరిస్థితి మొత్తం ముందే వకీలుకు చెప్పి, సలహా తీసుకుని వేయండి.

ఆర్డరు వచ్చాక ఇవ్వకపోతే? వారంటు తీస్తారు. ఒక్కో నెల బాకీకి ఒక నెల వరకు జైలు వేయవచ్చు. జైలుకు వెళ్ళొస్తే బాకీ తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. తీరదు, కట్టాల్సిందేనని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బాకీ పడిన ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు వేయాలి, దాటితే ఈ దారి మూసుకుపోతుంది. మా దృష్టిలో జైలు చివరి మాట. జైల్లో ఉన్నవాడు జీతం తేలేడు. అంతకన్నా పనికొచ్చేది 2005 నాటి గృహహింస నిరోధక చట్టం. దాని 20వ సెక్షన్ కింద బిడ్డకు కూడా మనోవర్తి అడగవచ్చు, భర్త చెల్లించకపోతే జీతంలో కొంత భాగాన్ని నేరుగా ఆమెకు ఇమ్మని ఫ్యాక్టరీ యజమానిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. సివిల్ కోర్టు తీర్పు అమలులో కూడా మామూలు అప్పుకైతే జీతంలో చాలా భాగానికి రక్షణ ఉంటుంది, మనోవర్తి బాకీకైతే మూడింట ఒక వంతుకే.

వకీలు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలి. కృష్ణగిరి జిల్లా న్యాయ సేవల సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

యౌవనస్థులారా, మీకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ అక్కో, పక్కింటి వదినో ఈ పరిస్థితిలో ఉంటే, ఆమెకు సలహా చెప్పే ముందు ఒక సంచీ తయారు చేసి పెట్టండి. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, బడి ఫీజు రసీదులు, ఆసుపత్రి చీటీలు, అద్దె కాగితం, దుకాణం ఖాతా పుస్తకం. భర్త జీతం చీటీ దొరికితే మంచిది. దొరకకపోతే ఏ ఫ్యాక్టరీ, ఏ కాంట్రాక్టరు, ఏ షిఫ్టు అన్నవైనా రాసి పెట్టండి. ఇంతకు ముందు ఫోన్‌లో పంపిన డబ్బుల లెక్క స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఆయన పంపినవి కూడా, మానేసినవే కాదు. నెల ఖర్చు ఈ రోజు నుంచే ఒక నోటుబుక్కులో రాయించండి, పాల ప్యాకెట్‌తో సహా.

ఆ రెండు రకాల ప్రమాణ పత్రాల ఖాళీ ప్రతులు బయట బల్ల మీద పెట్టాం. జీతగాళ్ళది ఎడమ వైపు, వ్యవసాయం వాళ్ళది కుడి వైపు. చదవడం రానివాళ్ళు మొహమాటపడకండి, భోజనాల తర్వాత మా చెల్లెళ్ళు ఇద్దరు చింతచెట్టు కింద కూర్చుంటారు, తెలుగులో చదివి చెప్తారు. పేరు రాయించుకోవాల్సిన పని లేదు. మగవాళ్ళు కూడా తీసుకోవచ్చు.